కొలత ఒక్కసారే

ల్యాప్‌టాప్‌లోంచి వస్తున్న టిక్కుటిక్కు చప్పుడు నేరాన్ని టేపక్క మొదట కుట్టుమిషను మీదికి తోసింది. సూది వంగి ప్లేటుకు తగులుతోందేమోనని సూది మార్చింది. నూనె వేసింది. అయినా ఆగకపోతే మిషను ప్లగ్గే పీకేసింది. గదంతా సద్దుమణిగినా టిక్కు మాత్రం ఆగలేదు. అప్పుడు వంగి ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి విన్నది. టిక్కు అందులోంచే.

మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లెవరూ లేరు. అందుకే అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రం మిగిలింది. వీధంతా టేపక్క అనే పిలుస్తుంది. దుకాణం రెండు గదులు. ముందు గదిలో నిలువుటద్దం, తెర, రెండు కుర్చీలు. వెనక గదిలో కటింగు బల్ల, రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, ఒక ఆడపడుచు. ఆడపడుచును సామాన్ల లెక్కలో వేశానని కోప్పడకండి, ఆవిడే నవ్వుతూ అలా చెప్పుకుంటుంది. గుండీలు కుట్టడం, కాజాలు తీయడం ఆవిడ పని కాబట్టి ఇంట్లో అందరికీ ఆవిడ గుండీ. చెయ్యి బంగారం. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

రెడీమేడ్ బట్టలు ఎవరి ఒంటికి కుదరవో వాళ్లు టేపక్క దగ్గరికి వస్తారు. ఒక భుజం కిందికి దిగినవాళ్లు, వెన్ను వంగినవాళ్లు, ఆపరేషన్ తర్వాత ఛాతీ ఒక పక్క చదునైపోయినవాళ్లు, ఏ దుకాణానికి వెళ్లినా "మీ సైజు లేదండీ" అనిపించుకుని విసిగిపోయినవాళ్లు. అద్దం ముందు నిలబడి, చేతులు ఎత్తి, ఇంకో మనిషి చేత అంగుళం అంగుళం కొలిపించుకోవడం వాళ్లకేం సరదా కాదు. అందుకే ఆ దుకాణంలో రెండు పద్ధతులున్నాయి. ఒక మనిషిని ఒక్కసారే కొలుస్తారు. కొలతలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కగానే, చీటీని ఆ మనిషి కళ్ల ముందే ముక్కలు ముక్కలుగా చింపేస్తారు. తర్వాత ఒళ్లు వచ్చినా తగ్గినా, ట్రయల్ వేసినప్పుడు నాలుగు పిన్నులు పెట్టి సరిచేయడమే. మళ్లీ టేపు పట్టడం ఉండదు.

ఈ పద్ధతులు టేపక్కకు ఊరికే పుట్టలేదు. దుకాణం పెట్టిన కొత్తలో ఆమె ఒక నర్సుకు కొలతలు తీసి, ఆ చీటీని పొరపాటున వేరేవాళ్ల ప్యాంటు జేబులో మరిచిపోయింది. ఆ ప్యాంటు వెళ్లిన ఇంటివాళ్లు చీటీ చదివారు, నవ్వారు, నలుగురికీ చెప్పారు. నర్సు పనిచేసేచోట ఎవరో ఆమెను నడుం కొలత అంకెతో పిలవడం మొదలుపెట్టారు. టేపక్క క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్తే, ఆమె తలుపు గొలుసు తీయకుండా ఆ సందులోంచే మాట్లాడింది. "మీరు కొలుస్తున్నంతసేపూ నేను కళ్లు మూసుకున్నాను, నాకే చూడాలనిపించక. నేను చూడనిది ఊరంతా చూసింది" అంది. ఆ మాట పదేళ్లయినా టేపక్క చెవిలోంచి పోలేదు.

ఆ నెలలోనే పాత ల్యాప్‌టాప్ ఒకటి కొన్నది. కొలతలిస్తే మనిషి ఆకారం గీసి, దానికి తగ్గ నమూనాలు తయారుచేసే ప్రోగ్రాం ఒకటి అందులో వేయించుకుంది. అందులో ఎవరి అసలు పేరూ ఉండదు. ఎవరికి వాళ్లు ఒక ముద్దుపేరు పెట్టుకుంటారు. అలా మూడువందల నలభై మంది చేరారు. చిక్కేమిటంటే, ఆ ప్రోగ్రాం అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మళ్లీ వేయడానికి డిస్కూ లేదు, అడగడానికి మనిషీ లేడు. కొలతల ఫైళ్లు ఒక్కటే పక్కకు తీసి దాచినా, ఆ ప్రోగ్రాం లేకపోతే అవి తెరుచుకోవు. కాగితాలు చూద్దామంటే అన్నీ తన చేతులతోనే చింపేసింది.

గుండీ నోటి పుణ్యం ఇక్కడే మొదలైంది. శనివారం పొద్దున లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ వెన్ను నడుం దగ్గర్నుంచి ఒక పక్కకు వంగి ఉంటుంది. ప్రోగ్రాంలో తనకు తానే 'కామా' అని పేరు పెట్టుకున్న మనిషి. ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది, కొత్త కోటు కావాలి, సోమవారం రావచ్చా అని అడిగింది. టేపక్క చేతిలో కత్తెర ఉంది కాబట్టి ఫోన్ గుండీ ఎత్తింది.

"రండి మేడమ్, రండి. కాకపోతే మా కంప్యూటర్ చావుబతుకుల్లో ఉంది. కొలతలన్నీ పోయేట్టున్నాయి" అనేసింది.

"అయితే మళ్లీ కొలవాలా?" అని అవతల్నుంచి వినిపించింది. వెంటనే, "వద్దులెండి. పాత కోటే వేసుకుంటాను" అంది.

టేపక్క కత్తెర బల్ల మీద పడేసి ఫోన్ లాక్కుంది.

"మేడమ్, మీరు సోమవారం రండి. నేను టేపు పట్టను. పట్టనని మొదటిరోజే చెప్పాను కదా."

ఫోన్ పెట్టేశాక గుండీ వైపు చూసిన చూపుకు గుండీ ఇస్త్రీ బల్ల కింద ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

నాలుగు దుకాణాల అవతల టంకం మామ ఉంటాడు. రేడియోల కాలం నుంచీ ఉన్నాడు. రేడియోలు పోయి టీవీలు, టీవీలు పోయి ఫోన్లు వచ్చినా ఆయనా, ఆయన టంకం వాసనా ఆ మూలే ఉన్నారు. ల్యాప్‌టాప్ తిరగేసి, చెవి పెట్టి విని, పెదవి విరిచాడు.

"ముసలిదైపోయిందమ్మా, నాలాగే. లోపల డిస్కు పోతోంది. ఒక పలక తిరుగుతుంటుంది, దాని మీద ఒక ముల్లు చదువుతుంటుంది. ఆ ముల్లు తడబడుతోంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"ఆర్నెల్లు లాగచ్చు. రేపు పొద్దున లేవకపోనూవచ్చు. ఇప్పుడొచ్చే డిస్కుల్లో తిరిగేదేం లేదు, చప్పుడూ ఉండదు. ఉన్నదున్నట్టు అందులోకి దింపేసి, పాతదాని చోట అది పెట్టేస్తే ప్రోగ్రాంకు ఇల్లు మారిందని కూడా తెలీదు. వదిలేసి వెళ్లు. మంగళవారానికి ఇస్తా."

"వదల్ను మామా."

"అదేంటి?"

"అందులో మూడొందల నలభై మంది ఉన్నారు. వాళ్లని మీ బల్ల మీద పెట్టేసి నేనెలా వెళ్తాను?"

"నేనేం చూస్తానే తల్లీ! నా ప్యాంటు కొలతే నాకు గుర్తుండదు."

"మీరు చూడరు. కానీ చూడాలనుకుంటే చూడొచ్చు కదా. అది కూడా ఉండకూడదు."

"డాక్టరు దగ్గరికొచ్చి చెయ్యి ముట్టుకోవద్దంటే ఎలాగమ్మా? అయితే నువ్వే చేసుకో!" అని మామ విసుక్కున్నాడు.

"సరే, చెప్పండి" అని టేపక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

మామ ఆ మాట కోపంలో అన్నాడు. ఆమె దాన్ని పాఠం మొదలైనట్టుగా తీసుకుంది. ఆమెది ఉడుంపట్టని మామకు తెలుసు. తెలిసీ నోరు జారాడు కాబట్టి గంటసేపు చెప్పక తప్పలేదు. కొత్త డిస్కు, దాన్ని బయటినుంచి తగిలించే వైరు, కాపీ చేసే ప్రోగ్రాం ఉన్న పెన్‌డ్రైవ్, చిన్న స్క్రూడ్రైవర్ అన్నీ ఒక సంచిలో వేసి ఇచ్చాడు.

"పాతది ఐదొందల జీబీ పడుతుంది, ఇది నాలుగొందల ఎనభై. నీ సరుకు రెండొందలు కూడా లేదు. హాయిగా పట్టేస్తుంది" అన్నాడు. పెద్దవాళ్లూ పొరబడతారు. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఎక్కణ్నుంచి, ఎక్కడికి. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండుదాని మీద కూర్చుంటుంది. ఇక నేను కాదు, నన్ను పుట్టించినవాడు కూడా వెనక్కి తేలేడు."

"నమూనా పైన, గుడ్డ కింద. మా పనీ అంతేగా" అంది టేపక్క.

ఆదివారం దుకాణానికి సెలవు. పొద్దున ఎనిమిదింటికల్లా వదినా ఆడపడుచులిద్దరూ లోపల్నుంచి గొళ్లెం పెట్టుకున్నారు. కటింగు బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది టేపక్క. ఆన్ కావడానికి ఏడు నిమిషాలు పట్టింది.

కొత్త డిస్కును వైరుతో తగిలించి, పెన్‌డ్రైవ్‌లోని కాపీ ప్రోగ్రాం తెరిస్తే రెండు గళ్లు కనిపించాయి. పై గడిలో 'ఇక్కడి నుంచి', కింది గడిలో 'ఇక్కడికి'. పైన పాతది పెట్టింది, కింద కొత్తది పెట్టింది. మామ చెప్పినట్టు రెండింటి అంకెలూ ఒక చీటీ మీద రాసుకుంది. కంప్యూటర్ లెక్కలో పాతది నాలుగొందల అరవై అయిదు, కొత్తది నాలుగొందల నలభై ఏడు. ముందుకు వెళ్లమని నొక్కింది. ఎర్రటి గుర్తు వచ్చింది. చోటు చాలదు అంది.

"చాలకపోవడమేంటి? సరుకు సగం కూడా లేదన్నాడు కదా మామ!"

మూడుసార్లు నొక్కింది. మూడుసార్లూ అదే ఎరుపు. మామకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. లోపల టిక్కుటిక్కు మధ్య ఎడం తగ్గుతున్నట్టు అనిపించింది.

గుండీ తల గోక్కుంది. "గుడ్డ చాలకపోతే మనమేం చేస్తాం వదినా? నమూనా అటూఇటూ తిప్పి వేస్తాం. ఎన్ని కోట్లు అలా వెళ్లలేదు! తిప్పి చూడు."

నిజమే, కొన్ని వందల కోట్లు అలా వెళ్లాయి. నిలువుగా చాలని గుడ్డ, నమూనాను తలకిందులు చేస్తే చాలుతుంది. దుకాణం పెట్టకముందు నుంచీ, ఇరవయ్యేళ్లుగా అదే చేసిన చెయ్యి ఆలోచించలేదు. రెండు గళ్ల మధ్య పైకీ కిందికీ చూస్తున్న బాణం గుర్తు ఒకటుంది. దాన్ని నొక్కింది. పైది కిందికి, కిందిది పైకి వచ్చాయి. ఎరుపు పోయి పచ్చటి గుర్తు వచ్చింది. సిద్ధం అంది.

"చూశావా!" అని గుండీ చప్పట్లు కొట్టింది.

ప్రోగ్రాం ఆఖరి ప్రశ్న అడిగింది. కింది గడిలో ఉన్న డిస్కు మొత్తం చెరిగిపోతుంది, కొనసాగించాలా? ఆ ప్రశ్న వస్తుందని, వస్తే భయపడకుండా అవునని నొక్కమని మామ ముందే చెప్పాడు. టేపక్క వేలు ఆ మీట మీదికి వెళ్లింది.

వెళ్లి ఆగింది. ఎందుకాగిందో ఆ క్షణంలో ఆమె కూడా చెప్పలేకపోయేది. గుడ్డ పొట్టిగా ఉండి, కోటు పెద్దదై ఉండి, ఏ అతుకూ లేకుండా ఇంత హాయిగా కుదిరిపోతే ఆమెకు ఎప్పుడూ అనుమానమే. సులువుగా కుదిరిన కోటును ఆమె మళ్లీ కొలవకుండా కత్తిరించిన పాపాన పోలేదు. వేలు వెనక్కి తీసుకుని, చీటీ తెచ్చి తెర పక్కన పెట్టి అంకెలు పోల్చి చూసింది. పైన నాలుగొందల నలభై ఏడు. కింద నాలుగొందల అరవై అయిదు.

పైన ఉన్నది నమూనా కాదు. ఉత్త గుడ్డ.

"గుండీ" అంది మెల్లగా. "కుర్చీ ఇలా లాగు."

కుర్చీ వచ్చేలోపే నేల మీద కూర్చుండిపోయింది. చిన్నదాంట్లో పెద్దది పట్టలేదు కానీ, పెద్దదాంట్లో చిన్నది పట్టదని ఎవరంటారు? ఖాళీని తీసుకెళ్లి మూడువందల నలభై మంది మీద పరిచెయ్యబోయింది. గుండీకి విషయం అర్థమయ్యాక నోరు చేత్తో మూసుకుంది. ఆవిడ తన నోరు తానే మూసుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"నేనే కదా తిప్పమన్నాను" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తిప్పింది నేను. కొలవకుండా వేలు పెట్టబోయింది నేను. లే, ఏడవకు. పాతది పైకి, కొత్తది కిందికి. ఇంక అది కదలకూడదు." తెర మీది బాణం గుర్తు కనపడకుండా ఒక చిన్న గుడ్డ పీలికను అతికించింది.

మామ పదిన్నరకు ఫోన్ చేశాడు. విషయం విని తన నెత్తి తానే మొట్టుకున్న చప్పుడు ఇవతలికి వినిపించింది.

"నాదే తప్పమ్మా. సరుకు చూశాను కానీ అది ఉన్న అర సైజు చూడలేదు. లోపల సరుకు తక్కువైనా ఆ అర మొత్తాన్నీ అరలాగే దింపుతుంది అది. రేపు దుకాణాలు తెరిచాక పెద్దది కొనుక్కురా."

"రేపు పొద్దున ఇది లేవకపోతే?"

మామ దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం ఆమెకు తెలిసింది.

"ఇంకో దారి చెప్పండి."

"ఉంది. అర గోడను లోపలికి జరపాలి. ఒక పద్దెనిమిది తగ్గితే చాలు. ఇరవై తగ్గించు."

"కోటు వెడల్పైతే పక్క కుట్లు లోపలికి తీసుకున్నట్టా?"

"అంతే!"

అంతే అనుకున్నారు కానీ, ఆ గోడ ఆరు దగ్గర మొండికేసింది. ఆరుకు మించి జరగనంది. మామ మళ్లీ దారి చెప్పాడు. ల్యాప్‌టాప్ నిద్రపోయే ముందు చేస్తున్న పనంతా ఒక మూట కట్టుకుని దాచుకుంటుందట. దీనిలో ఆ మూట ఆఖరి మూలన పడి ఉన్నట్టుంది. గోడ దానికి తగిలి ఆగిపోతోంది. ఆ నిద్ర అలవాటు మాన్పిస్తే మూట పోతుంది. అలాంటివే ఇంకో రెండు అలవాట్లున్నాయి, వాటినీ మాన్పించాలి. టేపక్క ఆయన చెప్పినవన్నీ ఒక్కొక్కటే మాన్పించింది.

"ఇప్పుడు ఆపి మళ్లీ ఆన్ చెయ్యమ్మా."

"ఆపాలా?"

"ఆపకపోతే మూట పోదు."

అదీ అసలు పరీక్ష. పొద్దున లేవడానికి ఏడు నిమిషాలు తీసుకున్నది, ఇప్పుడు లేస్తుందో లేదో ఎవరికి తెలుసు? గుండీ వద్దని తల అడ్డంగా ఊపింది. టేపక్క రెండు నిమిషాలు ఆలోచించింది. భయపడి ఆపకపోతే రేపు పొద్దున ఎలాగూ ఆపక తప్పదు. ఈ రోజు లేవనిది రేపు లేస్తుందన్న నమ్మకమేముంది? తాడో పేడో ఈ బల్ల మీదే తేలాలి. మీట నొక్కింది.

తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేసింది. నలుపు అలాగే ఉంది. టిక్కు, టిక్కు, టిక్కు. తర్వాత చప్పుడు కూడా ఆగిపోయింది. టేపక్క టేపు రెండు కొసలూ గుప్పిట్లో బిగించి పట్టుకుని నిలబడింది. ఆమె దేవుణ్ని ఏమీ అడగలేదు. 'లే, లే, ఇంకొక్కసారి లే, తర్వాత నిన్ను ఎప్పుడూ లేపను' అని ఆ పాత డిస్కునే బతిమాలింది. తొమ్మిదో నిమిషంలో లోపల ఏదో గరగరమంది. పదకొండో నిమిషంలో తెర వెలిగింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

గోడ ఈసారి ఇరవై జరిగింది. కాపీ ప్రోగ్రాం పచ్చగుర్తు చూపించింది. టేపక్క మాత్రం దాన్ని నమ్మలేదు. చీటీ పెట్టి పై అంకె చదివింది. కింది అంకె చదివింది. గుండీ చేత కూడా పైకి చదివించింది. గుడ్డ పీలిక ఎత్తి బాణం కదల్లేదని చూసింది. అప్పుడు అవునని నొక్కింది.

ఆ తర్వాత ఐదు గంటలు ఆ దుకాణంలో పెద్దగా మాటల్లేవు. ఫ్యూజు పోతుందేమోనని ఇస్త్రీపెట్టె ముట్టుకోనివ్వలేదు టేపక్క. బల్ల అదురుతుందేమోనని మిషను తొక్కనివ్వలేదు. చేతులూరుకోక గుండీ ఒక చొక్కాకు గుండీలన్నీ ఊడదీసి మళ్లీ కుట్టింది. డెబ్భై ఒకటి దగ్గర అంకె ఆగిపోయింది. ఇరవై నిమిషాలు కదల్లేదు.

"ఆపేసి మళ్లీ మొదలెడదామా వదినా?"

"సగం కత్తిరించిన గుడ్డని మళ్లీ మొదట్నుంచి కత్తిరిస్తామా? కూర్చో."

"అది చచ్చిపోయిందేమో."

"చప్పుడు వినపడుతోంది. చదువుతోంది. చదవలేకపోయినచోట మళ్లీమళ్లీ చదువుతోంది. చదవనీ."

ముప్పై ఎనిమిదో నిమిషంలో డెబ్భై రెండు అయింది. టేపక్క కంట్లోంచి ఒక్క చుక్క జారి టేపు మీద, సరిగ్గా పద్నాలుగో అంగుళం దగ్గర పడింది. తుడుచుకోకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

పూర్తయిందన్న మాట తెర మీదికొచ్చేసరికి నాలుగున్నర. ల్యాప్‌టాప్ ఆపి, బ్యాటరీ తీసి, వెనక్కి తిప్పి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. పిన్నులు పెట్టుకునే అలవాటు కొద్దీ స్క్రూలన్నీ పెదవుల మధ్య పెట్టుకుంది. పదకొండు వచ్చినా మూత రాలేదు. ఎక్కడో ఇంకోటి ఉంది. కుట్లు విప్పే ముల్లుతో అడుగున ఉన్న స్టిక్కరు అంచు లేపి చూస్తే పన్నెండోది దాని కింద దాక్కుని ఉంది. సరిగ్గా అప్పుడే మామ ఫోన్ చేశాడు.

"ఏమైందమ్మా?"

"ఊఁ" అంది టేపక్క, నోటినిండా స్క్రూలతో.

"పోయిందా?"

"ఊఁహూఁ."

"ఏడవకు తల్లీ, ఏడవకు. వస్తున్నా ఉండు."

గుండీ ఫోన్ అందుకుని, ఆవిడ ఏడవట్లేదని, పదకొండు స్క్రూలు నోట్లో పెట్టుకుందని చెప్తే మామ బతికిపోయాననుకున్నాడు.

పాత డిస్కు బయటికి వచ్చింది. అరచేతిలో పెట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. కొత్తది దానికంటే పలచన. అర లోపల వదులుగా ఊగింది. టేపక్క దానివైపు ఒక్క క్షణం చూసి, కాలర్లలో పెట్టే బక్రం ముక్క ఒకటి కత్తిరించి, మడతపెట్టి పక్కన దూర్చింది. బిగువుగా కూర్చుంది. పన్నెండు స్క్రూలూ ఏది ఉన్నచోట అది బిగించి, బ్యాటరీ పెట్టి, మీట నొక్కింది.

పాతికలోపు అంకెలు లెక్కపెట్టేసరికి తెర వెలిగింది. చెవి పెట్టి విన్నది. లోపల ఏ చప్పుడూ లేదు.

"చప్పుడే లేదేంటి వదినా? ఉందా, పోయిందా?"

టేపక్క కొలతల ప్రోగ్రాం తెరిచింది. అది ఎవరు నువ్వు అని అడగలేదు. పేర్ల జాబితా మామూలుగా వచ్చింది. 'చిలక', 'డబుల్ డోర్', 'ఒంటిచెయ్యి హీరో', 'తాళంచెవి'. పేరు పేరునా తెరిచి చూసుకుంటూ వెళ్లింది. చివరికి 'కామా' దగ్గర ఆగింది. ఒక పక్కకు వంగిన ఆ సన్నటి గీత తెర మీద నిలబడింది. ఇప్పుడు టేపక్క నిజంగానే ఏడ్చింది. గుండీ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

సోమవారం పొద్దున్నే మామ దగ్గరికి వెళ్లి ఇంకో డిస్కు తెచ్చింది. ఈసారి అంకె చూసి, పెద్దదే తెచ్చింది. అంతా దానిలోకి కూడా ఒకసారి దింపి, బీరువాలో పెట్టి తాళం వేసింది. పాతదాన్ని ఏ మూలైనా పడేసుకో, ఎప్పటికైనా పనికొస్తుంది అన్నాడు మామ. టేపక్క దాన్ని కటింగు బల్ల మీద ఒక గుడ్డలో చుట్టి ఉంచింది.

సాయంత్రం ఐదింటికి లైబ్రరీ మేడమ్ వచ్చింది. చెప్పులు విడిచి, నేరుగా తెర వెనక్కి వెళ్లి అద్దం ముందు నిలబడింది. పైన వేసుకున్న పాత కోటు తీసి కొక్కేనికి తగిలించింది. రెండు చేతులూ పక్కలకు ఎత్తి కళ్లు మూసుకుంది.

టేపక్క తెర పక్కకు జరిపి చూసింది. ఒక్క క్షణం ఆమెకు తలుపు గొలుసు సందులోంచి మాట్లాడిన నర్సు గుర్తొచ్చింది. మెడలోంచి టేపు తీసి గోడ మేకుకు తగిలించింది.

"చేతులు దించండి మేడమ్."

ఆమె కళ్లు తెరిచింది. ముందు టేపక్క ఖాళీ మెడను, తర్వాత మేకుకు వేలాడుతున్న టేపును చూసింది.

"పోలేదా?"

"నేను పట్టనన్నాను కదా."

చేతులు మెల్లగా కిందికి దిగాయి. పాత కోటు మళ్లీ తొడుక్కుని వెనక గదిలోకి వచ్చి, ల్యాప్‌టాప్ తెర మీద తన గీతను చాలాసేపు చూసింది. తర్వాత బల్ల మీది గుడ్డ మూట వైపు చూసింది.

"అదేనా పాతది? అందులో నేనింకా ఉన్నానా?"

"ఉన్నారు. మీరే కాదు, అందరూ."

"మరి చీటీలు చింపుతారు కదా మీరు."

"మామ దాచుకోమన్నాడు" అని గుండీ నోరు తెరిచి, వదిన మొహం చూసి మూసేసింది.

టేపక్క మూట విప్పింది. టిచ్ బటన్లు బిగించే ఇనప దిమ్మ మీద ఆ డిస్కును పెట్టి, చిన్న సుత్తి మేడమ్ చేతికిచ్చింది.

"నేనా?"

"మీ చీటీయేగా."

"నాది ఎక్కడుంటుంది ఇందులో?"

"తెలీదు. ఎక్కడో ఒకచోట."

"అయితే అంతా కొట్టాలి" అంది మేడమ్.

మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. రెండో దెబ్బకు మూత సొట్టపోయింది. మూడోది, వంగిన వెన్నును వీలైనంత పైకి లేపి, రెండు చేతులతో వేసింది. లోపల సన్నటి గాజు పలక పగిలిన చప్పుడైంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టి ఊపి చూసింది. ముక్కలు గలగలమన్నాయి.

"చిరిగింది" అంది.

టేపక్క గుడ్డల తానులు కిందికి దించడం మొదలుపెట్టింది.